బదులు మనిషి

గురునాథం గారి జీపును మనుషులు అనుభవించింది కొద్దికాలమే, మిగతా కాలమంతా ఎలుకలే అనుభవించాయి. వాళ్ల నాన్నగారు మిలటరీ వాళ్ల వేలంపాటలో దాన్ని కొనుక్కొచ్చి, ఊళ్లో కుక్కలన్నీ వెంటపడేట్టు కొన్నేళ్లు తిప్పి, కాలం చేశారు. ఆయన పోయాక దాన్ని పత్తి కొట్లోకి తోసి తలుపేశారు. పత్తి కొట్లో ఎలుకలకి తిండికి లోటా, పక్కకి లోటా? పత్తిగింజలు తిని దూది మీద పడుకునేవి. పళ్లు అరగదీసుకోవడానికి మాత్రం ఏదన్నా గట్టిది కావాలి కదా, అందుకు జీపు వైర్లు పనికొచ్చాయి. పైతొడుగులన్నీ కొరికేసి రాగితీగలు బయటపెట్టి, డాష్‌బోర్డు వెనకాల గూళ్లు కట్టుకుని, పిల్లల్ని కూడా పెట్టాయి.

ఆ జీపును బాగుచేసే పని ఇమ్మానియేలు నెత్తిన పడింది. పడిందనడం కూడా తప్పే, తనే నెత్తిన పెట్టుకున్నాడు.

ఇమ్మానియేలు గురునాథం గారి పాలేరు. అతని తండ్రి దేవదానం కూడా ఒంట్లో సత్తువ ఉన్నన్నాళ్లూ ఆ ఇంట్లోనే పాలేరుగా చేసి, మోకాళ్లు మొరాయించాక మానుకున్నాడు. తండ్రి రోజుల్లో పాలేరుతనమంటే నాగలి, ఎద్దులు, గొడ్లచావిడి. కొడుకు రోజులు వచ్చేసరికి చిలకలూరిపేట చుట్టుపక్కల జొన్నచేలన్నీ పత్తిచేలయ్యాయి. పత్తి వెనకాల పురుగొచ్చింది, పురుగు వెనకాల మందు డబ్బా వచ్చింది. ఆ డబ్బా వీపుకి తగిలించుకుని ఒక చేత్తో పంపు కొడుతూ, ఇంకో చేత్తో గొట్టం ఆడిస్తూ, పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా సాళ్ల వెంట నడవాలి. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోతుంది. సాయంత్రం కంచం ముందు కూర్చుంటే అన్నం కూడా మందు వాసనే వేస్తుంది.

కిందటేడు ఇమ్మానియేలు చేలోనే పడిపోయాడు. నోట్లో నురగతో బండిలో వేసి పేట ఆసుపత్రికి తీసుకెళ్తే, ఎలాగో బతికాడు. అక్కడి డాక్టరు పంపించేటప్పుడు ఒక మాట చెప్పాడు. "ఇంకోసారి డబ్బా ఎత్తావంటే నా దగ్గరికి తేవద్దని చెప్పు మీవాళ్లకి. అటునుంచటే తీసుకుపొమ్మను." ఎగతాళికి అన్న మాట కాదది. ఆనాటినుంచి ఇమ్మానియేలు చేతులు సన్నగా వణుకుతూనే ఉన్నాయి. గ్లాసుడు టీ పట్టుకుంటే సగం చొక్కా తాగుతుంది.

అందుకని ఉగాదికి జీతం మాట్లాడుకునే రోజున, ఈ ఏడు పాలేరుగా ఉండననీ, పేటలో జిన్నింగు మిల్లుకి పోతాననీ చెప్పేశాడు. గురునాథం గారికి కోపం రాలేదు. ఆయనకి కోపం రాదు, అదే ఆయనతో వచ్చిన చిక్కు. తిట్టే కామందునైతే తిట్టుకుని అయినా బయటపడొచ్చు. ఈయన నవ్వుతూ పక్కనున్న నులకమంచం చూపించి, "ఎందుకురా తొందర, నిలబడి మాట్లాడతావేం" అంటాడు. ఆ మంచం మీద పాలేరు కూర్చోడని ఆయనకీ తెలుసు, పాలేరుకీ తెలుసు.

"నీకు డ్రైవింగు లైసెన్సు ఉందటగా," అన్నాడాయన. "ఉండి ఏం లాభం, ఇనప్పెట్లో దాచుకున్నావు. కొట్లో జీపు పడుంది చూడు. దాని వైరింగు సంగతేదో చూసి బయటికి తియ్యి. అది కదిలిన రోజున స్టీరింగు నీది. డబ్బా మొహం చూడక్కర్లేదు."

అక్కడ నలుగురున్నారు. నలుగురి ముందూ అన్న మాట. ఆయన బావమరిది త్యాగరాజు కూడా ఉన్నాడు. పనీపాటా లేకుండా అక్కగారింట్లో తిని అరుగులెక్కే మనిషి. "ఎలుకలు తిన్న బండికి భలే మెకానిక్కుని పట్టావు బావా," అని నవ్వాడు. ఇమ్మానియేలుకి ఆ నవ్వు వినపడలేదు. అతని చెవిలో ఒక్క మాటే మోగుతోంది. డబ్బా మొహం చూడక్కర్లేదు. ఆ ఒక్క మాట కోసం ఇంకో ఏడాదికి తలూపాడు.

జీపు పని అంటే సీటు తుడిచి తాళం తిప్పడం కాదని కొట్టు తలుపు తీసిన రోజునే తెలిసొచ్చింది. ఎలుకల గూళ్లు తట్టల్లో ఎత్తి పోయాల్సి వచ్చింది. ఏ తీగ ఎక్కణ్ణుంచి వచ్చి ఎక్కడికి పోతుందో ఆనవాలు లేదు. కొన్ని తెగాయి, కొన్ని మిగిలాయి, మిగిలినవాటిని పట్టుకుంటే పొట్టులా రాలాయి.

పేటలో మెయిన్‌రోడ్డు పక్కన, లారీలు ఆగేచోట పీరు అనే ఆటో ఎలక్ట్రీషియన్ ఉండేవాడు. చేతిలో పనీ, నోట్లో బూతూ పోటీ పడే మనిషి. ఇమ్మానియేలు ఆదివారం చర్చిలో ప్రార్థన అవగానే సైకిలెక్కి అక్కడికి పోయేవాడు. లారీ బ్యాటరీలు కడిగిపెట్టి, యాసిడ్‌తో లుంగీకి చిల్లులు పడేదాకా చాకిరీ చేస్తే, సాయంత్రానికి పీరు ఒక ముక్క చెప్పేవాడు.

"కరెంటు బ్యాటరీలోనించి బయలుదేరి మళ్లీ బ్యాటరీకే రావాల్రా. పోవడానికి వైరు. రావడానికి బండి ఇనుమే దారి. తుప్పు పట్టిందనుకో, దారి మూసుకుపోయినట్టే. గీకు. తెల్లగా ఇనుము కనపడేదాకా గీకు."

గీకాడు. వారాల తరబడి గీకాడు.

వైరు కూడా పీరే ఇచ్చాడు. లారీల్లోంచి పీకేసిన పాత వైరు, మొత్తం నలుపే. వైరింగు చేసేవాళ్లు ఒక్కో పనికి ఒక్కో రంగు వాడతారు, ఏది దేనిదో చూడగానే తెలియాలని. అన్నీ నల్లవే అయితే ఏం చేసేది? ఇంట్లో పాతబట్టలు చింపి ఒక్కోదానికి ఒక్కో పీలిక కట్టాడు. రెబ్కా పసుపుచీర అంచు హెడ్‌లైట్లకి. ఎర్రజాకెట్టు ముక్క హారనుకి. డైనమో వైరుకి దేవదానం తలగుడ్డలోని తెల్లపీలిక. ఇంజను తిప్పే సెల్ఫుకి గోనెపురికొస. రెబ్కా అతని పెళ్లాం. ఊరికే ఉండే రకం కాదు, "ఇంకా నయం, బండికి నా చీరలే కట్టావు, పుస్తెలతాడు అడగలేదు" అనేది.

చేతులు వణికే మనిషికి పీలిక ముడివేయడమే గగనం. ఆ ముడులన్నీ దేవదానం వేశాడు. ముసలాయనకి కరెంటు గురించి బొత్తిగా తెలియదు. కొడుకు తీగ పట్టుకుని ఫలానా రంగు అనగానే, ఎద్దు మెడకి పలుపు బిగించినట్టు బిగించేవాడు. పనంతా అయ్యాక వెనక్కి జరిగి, కళ్లు చికిలించి, "మొత్తానికి బండికి బొంత కుట్టాం రా" అనేవాడు. ఎవరన్నా దారిన పోయేవాళ్లు కనపడితే పిలిచి మరీ చూపించేవాడు. మా ఇమ్మానియేలు చేస్తున్నాడు, మా ఇమ్మానియేలు తోలతాడు అని.

మొదటిసారి బ్యాటరీ తగిలించి ఇంజను తిప్పితే తిరిగింది గానీ, చూస్తుండగానే పొగ లేచింది. వేడెక్కే సైలెన్సరు గొట్టం మీదుగా వైర్లు లాగాడు ఇమ్మానియేలు. గొట్టం కాలగానే తొడుగు కరిగి తీగలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయాయి. పసుపుపీలికా ఎర్రపీలికా మాడి ముద్దయ్యాయి. అన్ని వారాల పని అరక్షణంలో బుగ్గయింది. పీరు ఆ సంగతి విని చేతిలో పానా కింద పెట్టి, "పొయ్యి మీద పక్కేసుకుని పడుకుంటావేంట్రా నువ్వు, వైరుని పడుకోబెట్టావు" అని, ఇక్కడ చెప్పలేని మాటలు ఇంకొన్ని అన్నాడు. గురునాథం గారు మాత్రం కోప్పడలేదు. కొట్లో పత్తి ఉంది కాబట్టి జీపును దొడ్లోకి తోయించి, "నిదానంగా చెయ్యరా, పత్తికి మందుకొట్టే రోజులు ఇంకా రాలేదుగా" అన్నాడు.

ఇమ్మానియేలు మళ్లీ మొదలుపెట్టాడు. రెబ్కా ఇంకో చీర చింపింది.

ఈసారి ఇంజను తిరుగుతోంది గానీ అంటుకోవడం లేదు. మిట్టమధ్యాహ్నం, గురునాథం గారింటికి గుంటూరు మిరపయార్డు నుంచి చుట్టాలొచ్చి ఉన్నారు. భోంచేసి, వక్కపొడి నములుతూ దొడ్లో వేపచెట్టు కింద కుర్చీలు వేసుకున్నారు. పెట్రోలుకి నిప్పంటించే ప్లగ్గు దాకా కరెంటు వస్తోందో లేదో చూడాలన్నాడు ఇమ్మానియేలు. ఆ వైరు కొసని ఇంజను ఇనుముకి దగ్గరగా పట్టి సెల్ఫు కొడితే చిన్న నిప్పురవ్వ దూకుతుంది. దూకితే కరెంటు ఉన్నట్టు. పీరు నేర్పిన పద్ధతి అది.

"అదంతా ఎందుకురా," అన్నాడు త్యాగరాజు. "లారీ షెడ్లలో క్లీనరుగాడి చేత పట్టిస్తారు. నువ్వే పట్టుకో, నేను సెల్ఫు కొడతా."

"రవ్వ చూసినా తెలుస్తుంది బాబూ."

"అంత సన్న నిప్పు ఎండలో మాకేం కనపడుతుంది? నువ్వు ఎగిరితే కనపడుతుంది."

చుట్టాలు నవ్వారు. ఇమ్మానియేలు గురునాథం గారి వంక చూశాడు. ఆయన కాలి మీద కాలు వేసుకుని, "పట్టుకోరా, దానివల్ల ప్రాణాలేం పోవు" అన్నాడు మెత్తగా. నిజమే, దానివల్ల ప్రాణాలు పోవు. ఎముకలోంచి కొరడా లాగినట్టు ఉంటుందంతే. ఇమ్మానియేలు వైరు కొస పట్టుకున్నాడు. త్యాగరాజు సెల్ఫు కొట్టాడు. మోచెయ్యి వెళ్లి ముఖానికి తగిలి, మనిషి అంత ఎత్తున ఎగిరి మడ్‌గార్డు మీద పడ్డాడు.

"నేను సరిగ్గా చూళ్లేదు," అన్నాడు చుట్టాల్లో ఒకాయన. "ఇంకోసారి."

గోడవారగా నిలబడ్డ దేవదానం ముందుకొచ్చాడు. తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని, "నేను పట్టుకుంటాను బాబూ. వాడికి అసలే చేతులు వణుకుతాయి" అన్నాడు.

"నువ్వెందుకులే, ముసలాడివి," అన్నాడు గురునాథం గారు. ఆయన జాలి అంతవరకు ఉంది. దేవదానం గోడవారకు వెళ్లిపోయాడు. ఇమ్మానియేలు ఇంకోసారి పట్టుకున్నాడు, ఆ తర్వాత ఇంకోసారి. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అంటారు గానీ, ఆ ఎలుక ఎందుకు పారిపోలేదని ఎవరూ అడగరు. స్టీరింగు కళ్ల ముందుంది కాబట్టి పారిపోలేదు. డబ్బా మోయడం కంటే ఇది నయమనుకున్నాడు. అది కూడా నిజమే.

తప్పు ఎక్కడుందో మర్నాడు దొరికింది, ఒకచోట తుప్పు సరిగ్గా గీకలేదు. గీకి బిగించి తాళం తిప్పితే, జీపు ఒళ్లంతా దులుపుకుని లేచింది. హారను మోగింది, లైట్లు వెలిగాయి. దేవదానం లైటు అద్దం మీద అరచెయ్యి పెట్టి, వేడి తగిలాక తీశాడు. రెబ్కా ఆ రోజు ఏ వెటకారమూ చేయలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మొగుడి వంక చూస్తూ ఉండిపోయింది.

ఆ తర్వాత కొన్నాళ్లు ఇమ్మానియేలు బతికిన బతుకు వేరు. ఖాకీచొక్కా కుట్టించుకున్నాడు. గురునాథం గారిని ఎక్కించుకుని గుంటూరు యార్డుకీ, వినుకొండలో పెళ్లికీ వెళ్లొచ్చాడు. ఒకచోట మాత్రం అతనికి దిగులుండేది. బ్యాటరీ నుంచి వచ్చే పెద్దవైరు, ఇంజనుకీ సీటుకీ మధ్య ఉన్న ఇనపరేకులోని కంతలోంచి రావాలి. కంత అంచు కత్తిలా ఉంటుంది. బండి అదురుకి వైరు ఆ అంచుకి ఒరుసుకుంటుంది. ఒరుసుకుని తొడుగు తెగితే, బండి ఇనుమంతా నిప్పే. పక్కనే పెట్రోలు గొట్టం. అక్కడ సైకిలు ట్యూబు ముక్క చుట్టి, వారం వారం విప్పిచూసి కొత్తది చుట్టేవాడు. అతను తప్ప ఇంకెవరూ ఆ కంత వంక చూసింది లేదు.

ఇంతలో వానలు పట్టుకున్నాయి. వానల వెనకాలే తెల్లదోమ వచ్చింది. ఆ ఏటి తెల్లదోమ గురించి ఆ ప్రాంతంలో ఎవర్నడిగినా చెబుతారు. ఆకు కింద చూస్తే బూడిద చల్లినట్టు ఉండేది. ఎన్నిసార్లు మందు కొట్టినా మర్నాటికి మళ్లీ బూడిదే. గుంటూరు నుంచి ఒంగోలు దాకా అందరూ ఒక్కసారే మందు కొట్టడం మొదలుపెట్టేసరికి, డబ్బా మోసే మనిషి బంగారం పెట్టినా దొరకలేదు.

ఒకరోజు పొద్దున్నే గురునాథం గారు మందు డ్రమ్ములు, నీళ్ల పీపాలు జీపులోకి ఎక్కించమన్నాడు. దిగుడుచేను నల్లరేగడిలో ఎడ్లబండ్లు ఇరుసు దాకా దిగబడుతున్నాయి. నాలుగు చక్రాలూ లాగే జీపు ఒక్కటే ఆ బురదలో పోగలదు. "మరి దీన్ని బాగుచేయించింది ఎందుకనుకున్నావు?" అన్నాడాయన, ఇమ్మానియేలు తెల్లమొహం చూసి. ఇమ్మానియేలు ఆ సంగతి ఆలోచించలేదు. స్టీరింగు దక్కుతుందా లేదా అని చూశాడే గానీ, బండి ఎక్కడికి పోతుందని ఏనాడూ అడగలేదు.

డ్రమ్ములు ఎక్కాయి. ఇంజను నడుస్తోంది. డబ్బా ఒకటి ఖాళీగా వెనక మిగిలింది.

"ఇది ఎవరు మోస్తారు?" అన్నాడు గురునాథం గారు.

ఇమ్మానియేలు వెనక్కి తిరిగి డబ్బా వంక చూశాడు.

"నేను మాట తప్పే మనిషిని కాదు. స్టీరింగు ఇస్తానన్నాను, ఇచ్చాను. నువ్వు డబ్బా మొహం చూడక్కర్లేదు. కానీ ఉగాదికి నేను జీతం మాట్లాడుకుంది డ్రైవరుకి కాదుగదరా, పాలేరుకి. నీ బదులు ఎవరు?"

పాలేరుతనంలో ఒక కట్టుబాటుంది, అది తాతల నాటిది. జీతానికి కుదిరిన మనిషి జ్వరమొచ్చి పడుకున్నా, చావుకి పోయినా, ఆ రోజు పనికి తన ఇంటినుంచి బదులు మనిషిని పంపాలి. అన్నకి బదులు తమ్ముడు, మొగుడికి బదులు పెళ్లాం. జీతం మనిషికి కాదు, ఇంటికి. ఇది ఇమ్మానియేలుకి తెలియక కాదు. పుట్టినప్పటినుంచీ చూస్తున్నదే. స్టీరింగు ఇస్తానన్న రోజున మాత్రం అది గుర్తు రాలేదు. గుర్తు చేయాల్సిన పని గురునాథం గారికి లేదు.

త్యాగరాజు జీపు తలుపు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. "దిగితే దిగు. నేను తోల్తా. ఇదేమన్నా విమానమా?"

ఇమ్మానియేలు చేతులు స్టీరింగు మీదున్నాయి. వింతేమిటంటే స్టీరింగు మీద ఉన్నప్పుడు ఆ చేతులు వణకవు. "మా నాయన వస్తాడయ్యా," అన్నాడు.

రెబ్కా పేరు వస్తుందేమోనన్న భయంతో అలా అన్నాడని తర్వాత అతనుండే పాలెంలో వాళ్లు సర్దిచెప్పుకున్నారు. మంచివాళ్లు, అలాగే చెప్పుకోవాలి. కానీ అది నిజం కాదు. రెబ్కా సంగతి అతనికి ఆ క్షణాన తోచనే లేదు. స్టీరింగు వదలబుద్ధి కాక అన్నాడు.

కబురు పెడితే దేవదానం వచ్చాడు. "నాగలి కంటే బరువా ఏం? మోస్తాలే. నువ్వు బండి జాగ్రత్త," అని తలగుడ్డ చుట్టుకుని జీపు వెనక, డ్రమ్ముల మధ్యన ఎక్కి కూర్చున్నాడు. కొడుకు తోలే బండిలో ముసలాయన ఎక్కడం అదే మొదలు.

దారి పొడుగునా ఇమ్మానియేలు జాగ్రత్తలు చెబుతూనే ఉన్నాడు. గాలికి ఎదురు నిలబడి కొట్టొద్దు. మూతికి గుడ్డ కట్టుకో. చేతులు కడుక్కోకుండా చుట్ట ముట్టుకోవద్దు. ముసలాయన అన్నిటికీ ఊఁ కొట్టాడు, అన్నీ పాటించాడు. మొదటి రెండు రోజులూ సాయంత్రానికి నడుం పట్టేసిందనడం తప్ప ఇంకే తేడా లేదు.

మూడోనాడు మబ్బు పట్టి ఉంది. ఇమ్మానియేలు గట్టు మీద జీపు పక్కన డ్రమ్ములో మందు కలుపుతున్నాడు. దూరంగా సాలు మధ్యలో తండ్రి ఆగడం కనపడింది. గొట్టం మూతిలో ఏదో నలక అడ్డుపడ్డట్టుంది. దేవదానం మూతికున్న గుడ్డ కిందికి లాగి, గొట్టం కొస నోట్లో పెట్టుకుని గట్టిగా ఊదాడు.

డబ్బా మోసేవాళ్లందరూ చేసేదే అది. అడ్డుపడితే ఊదుతారు. కిందటేడు ఇమ్మానియేలు పడిపోవడానికి కారణం కూడా అదే. దారి పొడుగునా అన్నీ చెప్పినవాడు ఆ ఒక్కటీ చెప్పలేదు. అంత మామూలు సంగతి చెప్పాలని తోచలేదు.

కేకలేస్తూ చేలోకి పరుగెత్తాడు. "ఏం కాలేదురా, చేదుగా ఉందంతే," అని ఉమ్మేశాడు దేవదానం. ఉమ్మిన కాసేపటికి చెమటలు పట్టాయి. చొంగ కారడం మొదలైంది. కంటిపాపలు ఆవగింజలంత అయ్యాయి. ఇమ్మానియేలు ఆయన్ని భుజాన వేసుకుని గట్టెక్కేసరికి త్యాగరాజు అక్కడ గొడుగు వేసుకుని నిలబడి ఉన్నాడు, పని చూడ్డానికి వచ్చి.

"డ్రమ్ములు దించి పో," అన్నాడు. "నువ్వు మళ్లీ ఎప్పటికొస్తావో ఏమో. ఇక్కడ పని ఆగిపోతుంది."

"బాబూ, మా నాయన..."

"కనపడుతోందిలేరా. అందుకే తొందరగా దించమంటున్నా."

తండ్రిని గట్టు మీద పడుకోబెట్టి డ్రమ్ములు దించాడు. ఒక్కొక్కటి దించాడు. దించనని ఎందుకు అనలేదో చాలాకాలం తర్వాత కూడా అతనికి తెలియలేదు. తరతరాలుగా ఊఁ అనే అలవాటు, మెడకాయ దానంతటదే ఊగింది. నీళ్ల పీపా చివరగా దించి తండ్రిని ఎక్కించేసరికి ముసలాయన ఊపిరి గరగరలాడుతోంది.

జీపు ఒక్క తాళానికే అందుకుంది. మోకాలి లోతు బురదలో ఎక్కడా ఆగలేదు. వాన దిగి పట్టపగలే చీకటి కమ్మితే లైట్లు దారి చూపించాయి. మెయిన్‌రోడ్డు మీద మిల్లులకి పోయే పత్తిలారీలు బారులు తీరి ఉంటే, హారను నొక్కి పట్టుకుని వాటి పక్కనించి దూసుకుపోయాడు. ఏ తీగా తెగలేదు, ఏ ముడీ జారలేదు. అన్నీ ముసలాయన చేత్తో వేసిన ముడులే.

ఆసుపత్రిలో అదే డాక్టరు. ఇమ్మానియేలుని గుర్తుపట్టి, "మళ్లీ తేవద్దన్నానా" అంటూ వచ్చి, స్ట్రెచరు మీదున్న మనిషిని చూశాడు. చెయ్యి పట్టుకుని వదిలేశాడు. "కాస్త ముందు తెస్తే చూసేవాళ్లం," అన్నాడు.

మర్నాడు పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేశాక, వానలోనే సమాధి చేశారు. గురునాథం గారు పాలెం మొదట్లో రోడ్డు మీద గొడుగు కింద కాసేపు నిలబడి, తల పంకించి వెళ్లాడు. కామందు స్వయంగా వచ్చారని నలుగురూ గొప్పగా చెప్పుకున్నారు.

మర్నాడు పొద్దున్నే కబురొస్తే ఇమ్మానియేలు దొడ్లోకి వెళ్లాడు. రెబ్కా కూడా వెంట వెళ్లి గేటు దగ్గర నిలబడింది. గురునాథం గారు పళ్లు తోముకుంటున్నాడు. పుక్కిలించి ఉమ్మి, తుండుతో మూతి తుడుచుకున్నాడు.

"పాపం, మంచివాడు మీ నాయన. ఎవరి రాత ఎలా ఉందో," అన్నాడు. "అవునూ, అంత వానలో బండి ఎక్కడా ఆగలేదటగా. త్యాగరాజు చెప్పాడు. వైరింగు బాగా చేశావురా."

మెచ్చుకోలుగానే అన్నాడు. ఆయన మనసులో ఏ దురుద్దేశమూ లేదు.

"దోమ చూస్తే తగ్గేట్టు లేదు. నిన్న ఒక పూట పోయింది," అన్నాడు గురునాథం గారు. ఆయన చూపు మెల్లగా గేటు వైపు పోయి, అక్కడ ఆగింది. "ఇవాళ్టికి బదులు ఎవరు?"

రెబ్కా అతని వంకే చూస్తోంది. ఈసారి అతనికి ఆలోచించడానికి ఏమీ లేకపోయింది. చొక్కా జేబులోంచి జీపు తాళం తీసి అరుగు మీద పెట్టాడు. "నేనే మోస్తానయ్యా," అన్నాడు.

"నీ ఇష్టంరా. నేనేం దిగమనలేదు, నలుగురిలో ఆ మాట రాకూడదు," అన్నాడు గురునాథం గారు. త్యాగరాజు అప్పటికే తాళం అందుకున్నాడు. వేలికి తిప్పుకుంటూ వెళ్లి సీట్లో కూర్చున్నాడు.

ఇమ్మానియేలు జీపు దాకా నడిచి, కిటికీ పక్కన నిలబడ్డాడు. పెద్దవైరుకి చుట్టిన ట్యూబు ముక్క మార్చాల్సిన వారం దాటిపోయింది. మొన్నటి పరుగుకి అది ఎంత అరిగిందో అతను ఊహించగలడు. నోరు మూసుకుని వెళ్లి డబ్బా ఎత్తుకోవచ్చు. ఇవాళ కాకపోతే రేపు, ఆ కంత దగ్గర నిప్పు పుడుతుంది, ఆ పక్కనే పెట్రోలు. ఎవరూ అతన్ని అనేదేమీ లేదు. నేనైతే చెప్పను. ఈ కథ వింటున్నవాళ్లలో కూడా చాలామంది చెప్పరు.

కానీ ఒక్క మాట చెప్పకపోతే ఏమవుతుందో అతను చూసొచ్చాడు. మళ్లీ ఇంకొకరి విషయంలో చూడలేడు, ఆ మనిషి త్యాగరాజే అయినా సరే.

"బాబూ, ఇంజను రేకు కంత దగ్గర పెద్దవైరు ఒరుసుకుంటుంది. సైకిలు ట్యూబు చుట్టి ఉంటుంది. అది అరిగిందేమో చూసుకుని, కొత్తది చుట్టాక తియ్యండి. లేకపోతే అంటుకుంటుంది."

త్యాగరాజు అతని చేతుల వంక చూశాడు. అవి మళ్లీ వణుకుతున్నాయి. "నువ్వు నాకు చెప్పేవాడివయ్యావా? తప్పుకో," అని తాళం తిప్పాడు. బండి ఒక్క తాళానికే అందుకుని గేటు దాటిపోయింది.

డబ్బా గోడవారగా ఉంది. కడగలేదు, అడుగున మందు ఇంకా మిగిలి ఉంది. ఇమ్మానియేలు భుజాన ఎత్తుకోబోతే పట్టీల్లో చెయ్యి దూరలేదు. ముసలాయన బక్క వీపుకి సరిపోయేట్టు మొన్న పొద్దున తనే బిగించాడు. రెబ్కా వచ్చి డబ్బా పట్టుకుంది. అతను పట్టీలు విప్పి, రెండు బెత్తెలు వదులు చేసి, వీపుకి తగిలించుకున్నాడు.